మంచు కొండలకు టూర్ వెళ్తున్నారా?.. అవలాంచ్ ముప్పు గురించి ఇవి తెలుసుకోవాల్సిందే!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.. ఎండలకు పెట్టింది పేరు. ఇక్కడి జనానికి మంచు అంటే చలికాలం పొద్దున కమ్మే పొగమంచే. కానీ కశ్మీర్, మనాలి, సిక్కిం టూర్లకు వెళ్లేవాళ్లకు, సైన్యంలో పనిచేసేవాళ్లకు అక్కడి మంచు వేరే లెక్క. కొండవాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా జారిపడటాన్నే అవలాంచ్ అంటారు.

తెలుగువాళ్లకూ తెలిసిన విషాదమే..
2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు చరియలు విరిగిపడి మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన 10 మంది జవాన్లు కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కరే ప్రాణాలతో బయటపడినా, ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూశారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలోని నాథులా రోడ్డులో ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. 13వ మైలు వరకే పర్మిషన్ ఉన్నా 15వ మైలు దాకా వెళ్లారని అధికారులు చెప్పారు. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర రోడ్డు పనుల క్యాంపుపై మంచు పడి 8 మంది కార్మికులు మృతి చెందారు, 46 మందిని కాపాడారు.

ఎందుకు జారుతుంది?
మంచు పొరలు పొరలుగా పడుతుంది. లోపలి పొర బలహీనంగా ఉంటే పైపొర పలకలా విరిగి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోట ముప్పు ఎక్కువ. ట్రెక్కింగ్, స్కీయింగ్ ప్రమాదాల్లో చాలావరకు మనుషుల బరువుకే మంచు కదులుతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే వెనక్కి వచ్చేయాలి
* పక్క వాలుపై అప్పటికే మంచు జారి ఉండటం
* అడుగు వేస్తే లోపల 'ధబ్' మని చప్పుడు, మంచుపై పగుళ్లు
* ముందురోజు భారీగా మంచు కురవడం, బలమైన గాలి
* ఒక్కసారిగా ఎండ కాసి వేడి పెరగడం

పాటించాల్సిన జాగ్రత్తలు
* చండీగఢ్‌లోని డీఆర్‌డీవో సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే అవలాంచ్ హెచ్చరికలు చూశాకే బయల్దేరాలి. రోడ్డు మూసేశామంటే ఆగిపోవాల్సిందే.
* వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరుగా వెళ్లాలి, మిగతావాళ్లు సేఫ్ ప్లేస్ నుంచి గమనించాలి. నిటారు వాలు కింద టెంట్ వేయొద్దు, ఫొటోలకు ఆగొద్దు.
* ట్రెక్కింగ్‌కైతే ప్రతి ఒక్కరి దగ్గరా సిగ్నల్ ఇచ్చే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. లోకల్ గైడ్ తప్పనిసరి.

చిక్కుకుంటే?
గట్టిగా అరిచి, పక్కకు జరగాలి. మంచు ఆగేలోపు చేతులు ముఖానికి అడ్డం పెట్టి ఊపిరికి చోటు చేసుకోవాలి. ఆగాక అది సిమెంటులా గట్టిపడుతుంది. పక్కనున్నవాళ్లు చివరిసారి ఎక్కడ కనిపించారో ఆ చోటి నుంచి వెంటనే వెతకాలి. మొదటి 10, 15 నిమిషాల్లో తీస్తే ఎక్కువ మంది బతుకుతారు, అరగంట దాటితే అవకాశం బాగా తగ్గిపోతుంది. అందుకే ఒకరు 112కు ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు తవ్వుతూనే ఉండాలి.