సూర్యకాంతిలో హెచ్చుతగ్గులు: ధాత కరువు నుంచి ఆదిత్య దాకా

సూర్యుడి వెలుగు ఎప్పుడూ ఒక్కలా ఉండదు. సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి, మళ్లీ తగ్గుతుంది. ఆ తేడా కంటికి ఆనదు, ఒంటికి తెలియదు. భూమిని చుట్టిన గాలి పొరలకు మాత్రం తెలుస్తుంది. పై పొరలకు బాగా తెలుస్తుంది, మనం పీల్చే కింది పొరకు కొద్దిగానే తెలుస్తుంది. ఈ సంగతి తేలడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ నూరేళ్ల కథలో తెలుగు నేలను ఎండగట్టిన ఒక కరువుంది, ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్‌ను రైల్వే పట్టణం చేసిన దారి కూడా ఉంది.

సూర్యుడి మీది మచ్చలు ఒక వరసలో పెరిగి తరుగుతాయని 1843లో జర్మన్ పరిశీలకుడు శ్వాబే ప్రకటించాడు. అక్కడి నుంచి ఒక ఆశ మొదలైంది. మచ్చలకు లెక్క ఉన్నప్పుడు వానలకూ అదే లెక్క ఉండొచ్చు కదా, వానల లెక్క దొరికితే కరువును ముందే చెప్పొచ్చు కదా!

ఆ ఆశకు బలమిచ్చింది ధాత కరువు. 1876లో, ధాత నామ సంవత్సరంలో, మద్రాసు రాజధానిలో వానలు మొహం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప సీమలు మాడిపోయాయి. 1878 దాకా సాగిన ఆ కరువుకు దేశంలో 50 లక్షల మందికి పైగా బలయ్యారు. అప్పుడు సూర్యుడి మీద మచ్చలు బాగా తగ్గిపోయి ఉన్నాయి. ప్రభుత్వ గణాంకాల అధికారి విలియం హంటర్ మద్రాసు వానల పాత లెక్కలు తిరగేసి, మచ్చలు తగ్గిన ఏళ్లలోనే వానలూ తగ్గుతున్నాయని వాదించాడు. సూర్యుడిలో హీలియం ఉనికిని పసిగట్టిన నార్మన్ లాక్యర్ అతనితో కలిసి 1877లో ‘సూర్యుడి మచ్చలు, కరువులు’ అనే వ్యాసం అచ్చు వేయించాడు.

అదే ఏడు రిచర్డ్ స్ట్రాచీ అనే సైనిక ఇంజినీరు అవే లెక్కలను మళ్లీ గుణించి చూసి, వాటిలో అలాంటి వరస ఏదీ లేదని లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. తర్వాత కరువు కమిషన్‌కు అతన్నే అధ్యక్షుణ్ని చేశారు. 1880 నాటి ఆ కమిషన్ మచ్చల మీద ఆధారపడలేదు. కరువు ప్రాంతాలకు గింజలు చేరాలంటే ఇంకా 5,000 మైళ్ల రైలుమార్గం తక్షణం కావాలంది.

మధ్య పరగణాల్లో పట్టాలు పరుచుకున్నది ఆ కాలంలోనే. నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు చిన్న లైను పడింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దాన్ని వెడల్పు చేసి, 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా తీసుకెళ్లింది. ఉమరియా బొగ్గు గనులకు బిలాస్‌పూర్ నుంచే శాఖ చీలింది. ఆ కంపెనీలో కొలువు కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. పట్టాలు వచ్చినంత మాత్రాన ఆకలి పోలేదు. 1896-97లోనూ, 1899-1900లోనూ బిలాస్‌పూర్ జిల్లా కరువుతో అల్లాడింది. రెండు కరువుల మధ్య మూడేళ్లే ఎడం. 11 ఏళ్ల చక్రంలో అది ఎక్కడ ఇముడుతుంది?

జవాబు సూర్యుడిలో కాదు, సముద్రంలో దొరికింది. 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ మచ్చలకూ వానలకూ ఉన్న పొత్తును గణితంతో పరీక్షించాడు. అది చాలా బలహీనమని తేలింది. ఆ వెతుకులాటలోనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య గాలి పీడనం త్రాసులా ఊగుతుందని కనిపెట్టాడు. పసిఫిక్ నీళ్లు వేడెక్కి మన వానలను దెబ్బతీసే స్థితినే ఎల్‌నినో అంటారు. 1877-78లో వచ్చింది చరిత్రలోని అతి తీవ్రమైన ఎల్‌నినోల్లో ఒకటని ఇప్పుడు మనకు తెలుసు.

మరి సూర్యుడి పాత్ర ఎంత? భూమి దగ్గర చదరపు మీటరుకు సుమారు 1361 వాట్ల సౌరశక్తి అందుతుంది. 1978 నుంచి ఉపగ్రహాలు దీన్ని ఎడతెగకుండా కొలుస్తున్నాయి. చక్రం అడుగు నుంచి శిఖరానికి తేడా కేవలం 0.1 శాతం. విచిత్రమేమిటంటే మచ్చలు ఎక్కువున్నప్పుడే సూర్యుడు ఎక్కువ వెలుగుతాడు. మచ్చలు నల్లనివే, కానీ వాటి చుట్టూ పుట్టే కాంతివంతమైన పాయలు ఆ లోటును మించి పూడుస్తాయి. దీనివల్ల నేల మీది సగటు వేడిలో వచ్చే మార్పు దాదాపు 0.1 డిగ్రీ.

పైకి వెళ్లేకొద్దీ కథ మారిపోతుంది. అతినీలలోహిత కిరణాలు 0.1 శాతంతో ఆగవు, కొన్ని శాతం పెరుగుతాయి. వాటితో పాటు పైనున్న ఓజోన్ పెరిగి, ఆ ఓజోన్ పొర వేడెక్కుతుంది. ఇంకా పైన, 400 కిలోమీటర్ల ఎత్తున, గాలి ఉబ్బి దాని సాంద్రత పది రెట్ల దాకా పెరగొచ్చు.

ఈ ఉబ్బు తెలుగు పల్లెలను ఒకసారి గడగడలాడించింది. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1980ల దాకా పైనే ఉంటుందనుకున్నారు. సూర్యుడు అనుకున్నదానికంటే ఉధృతంగా రేగడంతో పై గాలి చిక్కబడి, ఆ 77 టన్నుల యంత్రాన్ని కిందికి లాగేసింది. 1979 జూలైలో అది మన నెత్తిన పడుతుందన్న భయంతో ఉన్నదంతా తిని అనుభవించాలని మేకలు, కోళ్లు కోసుకున్న ఊళ్ల ముచ్చట్లు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2021లో ‘స్కైలాబ్’ సినిమా ఆ రోజులనే తెరకెక్కించింది. జూలై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది.

ఇప్పటి భూతాపానికి సూర్యుణ్ని తప్పు పట్టడం సరికాదు. ఉపగ్రహాల కొలతల్లో నాలుగు దశాబ్దాలుగా సౌరశక్తి పెరిగింది లేదు, నేల మాత్రం వేడెక్కుతూనే ఉంది. ఆ వేడికి పెద్ద కారణం బొగ్గు, చమురు పొగ. కోర్బా గనుల బొగ్గుతో నిండిన గూడ్సు బండ్లు రాత్రనక పగలనక బిలాస్‌పూర్ డివిజన్ పట్టాల మీద కదులుతుంటాయి.

హంటర్ ఆశ ఫలించలేదు గానీ వృథా పోలేదు. సూర్యుడికీ వానలకూ ఉన్న సంబంధాన్ని తేల్చాలనే 1899లో కొడైకెనాల్ వేధశాల వెలిసింది. వందేళ్లకు పైగా అక్కడ సూర్యుణ్ని ఫొటోలు తీస్తున్నారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య-ఎల్1 నౌక ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ని చూస్తోంది. అందులోని ‘సూట్’ దూరదర్శిని 200 నుంచి 400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో బొమ్మలు పంపుతోంది. ఓజోన్ పొరను కదిలించేది ఆ కాంతే.