రాయి జరపమనడం వేరు, నన్ను వదిలేయమనడం వేరు

చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కొలిచి, అక్కడ రాయి పాతించడం నా ఉద్యోగం. రంగారెడ్డి జిల్లా చెరువుల మీద ఆ పని చేసి రిటైరయ్యాను. ముందు మత్తడి పైఅంచు ఎత్తు లెవెల్ మిషన్‌తో చూస్తాం. అదే ఎత్తు నేల మీద ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకుంటూ చెరువు చుట్టూ తిరిగి గుర్తులు పెడతాం. ఆ గుర్తులు కలిపితే వచ్చేదే ఎఫ్‌టీఎల్ గీత, అంటే పూర్తి నీటిమట్టం హద్దు. దాని లోపలిది శిఖం భూమి. పట్టా ఉన్నా సరే, నీళ్లు తీశాక సాగు చేసుకోవచ్చు తప్ప ఇల్లు కట్టకూడదు.

రాయి పాతగానే జనం వస్తారు. వచ్చేవాళ్లు రెండు రకాలు. "మీ రాయి తప్పు చోట పడింది, మళ్లీ కొలవండి" అనేవాళ్లు ఒకరు. "రాయి సరే గానీ, మా ఒక్కరినీ వదిలేయండి" అనేవాళ్లు ఇంకొకరు. మొదటిది అప్పీలు, రెండోది మినహాయింపు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే ఊరు మునుగుతుంది. ఈ తేడా మీద దేశమంతటికీ పనికొచ్చే తీర్పు మన మూసీ ఎగువ నుంచే వచ్చింది. ఆ కథ చాలామందికి తెలియదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15,000 మంది పోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన వందలాది చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగి, ఆ నీళ్లన్నీ కలిసి నగరం మీద పడ్డాయని ఆయన తేల్చారు. వరదను ఊరికి పైనే పట్టి, మెల్లగా వదలాలన్నారు. ఆ సలహాతోనే మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో తయారయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరూ ఇచ్చాయి.

నగరం పెరిగి ఆ ఎగువకు చేరేసరికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దంది. గీత పడింది. మినహాయింపు అడిగేవాళ్లూ వెంటనే వచ్చారు.

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక కంపెనీ ఆముదం నూనె నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ తలపెట్టింది. జీవో రాకముందే, 1993లోనే భూమి కొన్నది. న్యాయంగా వినదగిన మాటే అది. 1997 జూలై 3న రాష్ట్ర ప్రభుత్వం ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు ఇస్తూ జీవో 153 తెచ్చింది. అదే నెలాఖరులో కాలుష్య నియంత్రణ మండలి మాత్రం అనుమతి నిరాకరించింది. కంపెనీ 1974 నాటి నీటి చట్టం 28వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లింది. తమ పద్ధతిలో కాలుష్యం రాదని ఒక నిపుణుడి అఫిడవిట్ చూపింది. 1998 జనవరిలో అప్పీలు నెగ్గింది. హైకోర్టు కూడా అనుమతి ఇమ్మంది. విషయం సుప్రీంకోర్టుకు చేరింది.

పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వర్సెస్ ఎం.వి. నాయుడు అనే ఆ కేసులో 1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు రెండు మాటలు తేల్చింది. ఉన్న పరిస్థితిని మార్చాలనుకునేవాడే హాని జరగదని రుజువు చేయాలి. నీళ్లు పోతాయని జనం రుజువు చేయనక్కర్లేదు. రెండోది, ఇలాంటి అప్పీళ్లు వినే చోట న్యాయమూర్తి పక్కన శాస్త్రం తెలిసినవాళ్లూ కూర్చోవాలి.

2000 డిసెంబర్ 1న తుది తీర్పు మినహాయింపు జీవోనే కొట్టేసింది. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అందులో ఉంది. చట్టం వర్తించే ప్రాంతాన్ని ప్రభుత్వం కుదించగలదు గానీ, నిషేధిత ప్రాంతం లోపల ఒక్క ఫ్యాక్టరీని వేరు చేసి వదిలేయలేదు అన్నది దాని సారం. అంటే చూడవలసింది నేలను, మనిషిని కాదు. ఆ తర్వాత లా కమిషన్ ఛైర్మన్‌గా జగన్నాధరావు గారే పర్యావరణ కోర్టులు కావాలని 2003లో నివేదిక ఇచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం వచ్చింది. దాని వేళ్లు వెతుక్కుంటూ పోతే పెద్దషాపూర్ పొలాల్లో తేలతాం.

ఇక రైతుల మాట. జీవో 111 పరిధిలోని మొయినాబాద్ వైపు ఒక రైతు నాతో అన్నాడు: "పెద్దోళ్లకు జీవో వస్తది సార్, మాకైతే నోటీసు వస్తది." ఆ మాట ముందు తల వంచవలసిందే. గీత వల్ల నగరం బతికింది, నష్టం మాత్రం ఆ 84 ఊళ్లు మోశాయి. నగరం తాగిన నీటికి బదులుగా వాళ్లకు ఏటా ఎంతో కొంత ముట్టజెప్పి ఉండాల్సింది. చివరికి 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి జీవో 111 ఆంక్షలు ఎత్తేశారు. రైతు బాధకు మందు వేరే ఉండగా గీతనే చెరిపేయడం నాకు సమ్మతం కాదు.

చెరువు దగ్గర నేను చూసినంతలో అప్పీలు పద్ధతి మంచిదే. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతుంది, ఆ తర్వాతే తుది గీత. ఎవరైనా తన పొలం ఎత్తు మీద ఉందని చెబితే మళ్లీ మిషన్ పెట్టి చూడాలి. లెవెల్ వాళ్ల మాటే నిజమంటే రాయి జరపాలి. జరపడం మాకు అవమానం కాదు, అదే మా పని.

మినహాయింపు అలా కాదు. 2012 నాటి భవన నియమాలు, అంటే జీవో 168, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, మునిసిపల్ హద్దుల్లో నదికి 50 మీటర్లు వదలమంటాయి. ఆ జాగాలో ఒకడు మట్టి పోసి ఎత్తు చేసుకుంటే అక్కడ నిలవాల్సిన నీళ్లు మాయం కావు. పక్కవాడి గడపలోకి పోతాయి. అందుకే ఒకరికిచ్చిన మినహాయింపు పొరుగువాళ్లందరి మీదా వేసిన భారం. ఆ పొరుగువాళ్లను పిలవకుండా, వాళ్ల మాట వినకుండా ఇచ్చే ఏ కాగితమూ న్యాయం కాదు. 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చినప్పుడు ప్రయాణికులు ఏ దరఖాస్తూ పెట్టినవాళ్లు కారు.

కాబట్టి నేను కోరేది ఇంతే. మళ్లీ కొలవమని అడిగే హక్కు గుంట భూమి ఉన్నవాడికి కూడా ఫీజు లేకుండా, తన ఊళ్లోనే దొరకాలి. వదిలేయమని అడిగేవాడు మాత్రం అందరి ముందు అడగాలి, దిగువన ఎవరికీ నష్టం లేదని తానే కొలిచి చూపాలి. చూపలేనప్పుడు లేదని చెప్పే ధైర్యం అధికారికి ఉండాలి. ఆ ధైర్యానికి కావలసిన తీర్పు 2000 నుంచీ మన చేతిలోనే ఉంది.