బెరయ దారిలో ఒక ఏరు, కోడి ఈకల ఎర



పోయిన నెల ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కాలవగట్టు మీదుగా వెళ్తున్నాను. మన ఊరి కుర్రాడొకడు గట్టు మీద నిలబడి కొరమేను కోసం గాలం విసురుతున్నాడు. మన చిన్నతనంలో కొరమేనుకి బతికున్న చిన్న కప్పను గుచ్చేవాళ్ళం. ఇతని దారానికి ఉన్నది రబ్బరు కప్ప. గుర్రపుడెక్క పక్కన పడేలా విసిరి, నిజం కప్ప గెంతుతున్నట్టే చిన్న చిన్న కుదుపులతో లాగుతున్నాడు. నేను ఆగి చూస్తుంటే నవ్వుతూ అడిగాడు: "పాస్టరు గారూ, మీరూ మనుషుల్ని పట్టే జాలరులే అంటారుగా. మరి మీరు ఏ ఎర వేస్తారండీ?"

అతను మన సంఘం వాడు కాదు. వెటకారమూ లేదు. నేను "వాక్యమే బాబూ" అని చెప్పి వచ్చేశాను. కానీ ఆ జవాబు నాకే సరిపోలేదు. పాలపిండి ఇచ్చి కలుపుకున్నారు, బట్టలు ఇచ్చి కలుపుకున్నారు అనే మాట మన గురించి ఊళ్ళలో ఎన్నేళ్ళుగానో ఉంది. అది విన్నప్పుడల్లా మనకు కోపం వస్తుంది. ఈసారి కోపం పక్కన పెట్టి, అసలు ఈ బొమ్మ ఎరల చరిత్ర ఏమిటా అని చదివాను. అది నన్ను నేరుగా అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయానికి తీసుకువెళ్ళింది.

క్రీస్తు శకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమా రచయిత జంతువుల స్వభావం గురించి గ్రీకు భాషలో ఒక పుస్తకం రాశాడు. అందులో మాసిదోనియలో చేపలు పట్టే ఒక పద్ధతిని తాను విన్నట్టుగా వర్ణించాడు. ఆ ఏటి పేరు అస్త్రేయస్. అది ఎక్కడుందో చూడండి: బెరయకూ థెస్సలొనీకకూ మధ్య. ఆ ఏట్లో మచ్చల చేపలుండేవి. నీటిమీద తిరిగే ఒక రకం ఈగల్ని అవి తినేవి. ఈగ నీటిమీద వాలగానే చేప అలికిడి లేకుండా కింద నుంచి వచ్చి, మందలోంచి గొర్రెను తోడేలు ఎత్తుకుపోయినట్టు లాక్కుపోతుందని ఏలియన్ అంటాడు. పల్లెకారులు ఆ ఈగనే పట్టి గాలానికి గుచ్చితే పనికిరాలేదు. మనిషి చెయ్యి తగలగానే దాని రంగు పోతుంది, రెక్కలు నలుగుతాయి. అందుకని వాళ్ళు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టారు. ఆరడుగుల కర్ర, అంతే పొడవు దారం. ఒడ్డున నిలబడి నీటిమీదకి వదిలితే చేప ఆ రంగు చూసి నోరు తెరిచేది. రుచిగా ఉంటుందనుకుని వచ్చిన దానికి దొరికేది చేదు విందు.

బొమ్మ ఎర గురించి మనకు మిగిలిన వివరమైన వర్ణనల్లో ఇదే మొదటిదని చెబుతారు. ఇప్పటికీ పడమటి దేశాల్లో ఈకలతో కట్టే ఈగలకు మూలపురుషుడు ఇదే.

ఇప్పుడు పౌలు సంగతి. ఏలియన్ ఈ మాట రాయడానికి సుమారు 150 ఏళ్ళ ముందు, క్రీస్తు శకం 50 ప్రాంతంలో, థెస్సలొనీకలో అల్లరి లేచింది. సహోదరులు పౌలునూ సీలనూ రాత్రికి రాత్రే బెరయకు పంపేశారు (అపొ. కా. 17:10). సుమారు 70 కిలోమీటర్ల దారి, ఆ ప్రాంతం గుండానే. ఆ ఏటి ఒడ్డున ఎవరైనా గాలం వేస్తుండగా పౌలు చూశాడని నేను చెప్పడం లేదు. కానీ ఆ తర్వాత కొద్ది కాలానికే థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలో అతడు వాడిన ఒక మాట చూడండి.

2వ అధ్యాయం 3వ వచనంలో, తమ బోధ మోసంతో కూడినది కాదని పౌలు అంటాడు. అక్కడ మోసం అని మనం చదివే చోట గ్రీకులో ఉన్న మాట "దోలోస్". పౌలు నాటికి దాని అర్థం మోసమే. అయితే ఆ మాటకు వెనుక ఇంకో అర్థం ఉంది. హోమరు రాసిన ఒడిస్సీ కావ్యం 12వ సర్గలో, సముద్రంలోకి చొచ్చుకువచ్చిన బండ మీద నిలబడి ఒక జాలరి పొడవాటి కర్రతో చిన్న చేపలకు ఎర విసురుతాడు. ఆ ఎరకు హోమరు వాడిన మాట దోలోస్. అంటే గ్రీకువాడి నోట చేపకు వేసే ఎర, మనిషికి చేసే మోసం, రెండూ ఒకే మాట. బొమ్మ ఎరలకు పేరుపడిన ఆ ప్రాంతపు విశ్వాసులకే, మేము ఎర వేసి మిమ్మల్ని పట్టలేదని పౌలు చెప్పుకున్నట్టయింది.

ఎర వేయలేదని ఎలా రుజువు చేస్తాం? ఇక్కడ బొమ్మ ఎరల చరిత్ర ఇంకొంచెం చూస్తే మనకు సహాయపడుతుంది. ఎందుకంటే కాలపరీక్షకు నిలిచిన ఎరలన్నీ మూడు పనులు బాగా చేస్తాయి.

మొదటిది, మెరుస్తాయి. అమెరికాలోని వెర్మాంట్‌కు చెందిన జూలియో బ్యూల్ అనే ఆయన గురించి ఒక కథ ఉంది. కుర్రతనంలో సరస్సు మీద పడవలో ఉండగా చేతిలోని చెంచా జారి నీళ్ళలో పడిందట. తళతళా మెరుస్తూ మునుగుతున్న ఆ చెంచాను ఒక పెద్ద చేప వచ్చి పట్టుకుందట. ఆయన ఇంకో చెంచా కాడ కోసేసి, దానికి కొక్కెం అతికించి చూశాడు. కథ ఎంతవరకు నిజమైనా, 1852లో ఆయన చెంచా ఎరకు పేటెంటు తీసుకున్న మాట నిజం. పసిఫిక్ దీవుల వాళ్ళు అంతకు ఎంతో ముందునుంచే ముత్యపుచిప్ప మెరుపుతో ఇదే పని చేసేవారు. మనం అన్నం తినే చెంచాలో చేపకు తినడానికి ఏమీ లేదు. మెరుపు ఒక్కటే ఉంది.

రెండోది, బలహీనతను నటిస్తాయి. ఫిన్‌లాండ్‌లో లౌరి రపాలా అనే బీద జాలరి ఉండేవాడు. చలికాలంలో అడవిలో చెట్లు కొట్టే కూలికి వెళ్ళేవాడు. సరస్సులో పెద్ద చేపలు వేటాడటం చూస్తూ ఒక విషయం గమనించాడు. వందల చిన్న చేపలు గుంపుగా పోతున్నా, పెద్ద చేప వాటి జోలికి పోదు. తడబడుతూ, పక్కకు ఒరుగుతూ ఈదే ఒక్కదాని మీదే పడుతుంది. 1936లో ఆయన బెండును చిన్న చేపలా చెక్కి, చాక్లెట్ కాగితం రేకు చుట్టి, పాత ఫోటో నెగెటివులు కరిగించి పైన పూత పూశాడు. అది నీళ్ళలో గాయపడ్డ చేపలాగే ఊగుతుంది. ఆ ఎర ఇప్పటికీ లోకమంతా అమ్ముడవుతోంది. ప్రియులారా, గుంపుకు దూరమై తడబడేవాడి మీదనే శత్రువు కన్ను అని గలిలయ జాలరి పేతురుకు ఎవరూ నేర్పనక్కరలేదు (1 పేతురు 5:8). సంఘానికి రావడం మానేసిన మన సహోదరుణ్ణి ఈ వారమే వెళ్ళి పలకరించండి.

మూడోది, ఎర జాలరిని దాస్తుంది. ఒడ్డున మనిషి నీడ పడితే చేప పారిపోతుంది. అందుకే ఎంత దూరం విసరగలిగితే అంత మేలు. పూర్వం తేలికైన ఎరను దూరం విసరడం కష్టం. చక్రం తిరిగితే గానీ దారం వదలదు. 1905లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ కొత్త రకం రీలుకు పేటెంటు తీసుకున్నాడు. వాళ్ళది బట్టల మిల్లుల కుటుంబం. మిల్లులో కండె తిరగకుండానే దాని కొసనుంచి నూలు జారివచ్చినట్టు, ఈ రీలు కూడా తిరగకుండానే దారం వదులుతుంది. అప్పటినుంచి చిన్న ఎరను కూడా ఒడ్డున ఉండే చాలా దూరం వేయడం కుదిరింది. మన కాలవగట్టు కుర్రాడి చేతిలో ఉన్నదీ ఆ జాతి రీలే.

ఇప్పుడు మళ్ళీ 1 థెస్సలొనీక 2వ అధ్యాయం తెరిచి, ఈ మూడూ పక్కన పెట్టుకుని చదవండి. మెరుపు సంగతి: ముఖస్తుతి మాటలు మేము వాడలేదు అంటాడు పౌలు. నటన సంగతి: ధనాపేక్షను కప్పిపెట్టే వేషం మేము వేయలేదు, దేవుడే సాక్షి అంటాడు. దాగడం సంగతి: రాత్రింబగళ్ళు కష్టపడి పనిచేశాం, మీకు భారం కాలేదు, మేము ఎలా నడుచుకున్నామో మీకే తెలుసు అంటాడు. సువార్త మాత్రమే కాదు, మా ప్రాణాలే మీకివ్వడానికి సిద్ధపడ్డాం అంటాడు. ఎర వేసేవాడు తాను ఒడ్డున చాటుగా ఉండి దారం మాత్రం పంపిస్తాడు. పౌలు తానే వాళ్ళ మధ్యకు దిగాడు.

బెరయవారి గొప్పతనం కూడా ఇక్కడే ఉంది. ఈ సంగతులు నిజమా కాదా అని వాళ్ళు ప్రతిరోజూ లేఖనాలు పరిశోధించారు. చేప పరిశోధించదు, మింగుతుంది. పరిశోధించడానికి సమయమిచ్చేది సువార్త, సమయమివ్వనిది ఎర. ఫోనులో ఈ రాత్రికే డబ్బు రెట్టింపు అని వచ్చే ఆటలకైనా, ఈ రోజే కానుక పంపితే అద్భుతం అని చెప్పే బోధకులకైనా ఈ ఒక్క కొలత పెట్టి చూడండి.

ఇక నా మాట నేను దాచకూడదు. సేవకు వచ్చిన మొదటి రోజుల్లో ఒక క్రిస్మస్‌కు, వచ్చిన ఆడవాళ్ళందరికీ చీరలు ఇస్తామని ఆటోలో మైకు పెట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పించాను. మూడు వందల మంది దాకా వచ్చారు. ఫోటోలు తీసుకున్నాం. తర్వాతి ఆదివారం పందొమ్మిది మంది. నేను దిగులుగా కూర్చుంటే మన సంఘంలో ఒక ముసలమ్మ దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, చీరకొచ్చినోళ్ళు చీర పట్టుకెళ్ళారు. వాళ్ళ తప్పేం లేదు. మధ్యలో దేవుడి పేరెందుకు తెచ్చారు?" అంది. ఆమె ఇప్పుడు ప్రభువు దగ్గరుంది. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అయితే పేదవాడికి బట్ట ఇవ్వకూడదా? ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి. గాలం లేని అన్నం ఎర కాదు, అది అన్నమే. తిని వెళ్ళిపోయినా మనకు బాధ కలగకపోతే అందులో గాలం లేదన్నమాట. యేసు ప్రభువు ఐదు వేల మందికి పెట్టాడు. మర్నాడు రొట్టె కోసమే వెతుక్కుంటూ వస్తే, మీరు వచ్చింది రొట్టె కోసమేనని మొహం మీదే చెప్పాడు. చాలామంది వెళ్ళిపోయారు. ఆయన ఎవరినీ లాగలేదు. మీరు కూడా వెళ్తారా అని పన్నెండుమందిని కూడా అడిగాడు (యోహాను 6). పట్టుకునేవాడు అడిగే ప్రశ్న కాదది.

ఇంకో సంగతి. పేతురు, అంద్రెయల్ని ప్రభువు పిలిచినప్పుడు వాళ్ళ చేతుల్లో ఉన్నది విసురు వల. కొత్త నిబంధనలో గాలం వేసిన సంగతి ఒక్కసారే కనిపిస్తుంది (మత్తయి 17:27). అది కూడా పన్ను కట్టడానికి. చివరికి యోహాను 21లో ప్రభువే ఒడ్డున నిలబడ్డాడు. ఒడ్డునుంచి ఆయన విసిరిందేమీ లేదు. నిప్పుల మీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. రాత్రంతా అలిసిపోయిన వాళ్ళను వచ్చి తినమని పిలిచాడు. ఆ పూట ఒడ్డుకు వచ్చినవాడెవడూ మోసపోలేదు.

మొన్న ఆ కుర్రాడు మళ్ళీ గట్టు మీద కనిపించాడు. ఆగి, "బాబూ, ఆ రోజు నీకు సరిగా జవాబు చెప్పలేదు. ఒకప్పుడు నేనూ ఎర వేశాను. ఇప్పుడు మానేశాను" అన్నాను. అతను కాసేపు నావైపు చూసి, కర్ర పక్కన పెట్టి, "కూర్చోండి పాస్టరు గారూ" అన్నాడు. చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. ఎక్కువగా చేపల గురించే.

ప్రార్థన: ప్రభువా, మెరిసేదాని వెంట పోకుండా మమ్మల్ని కాపాడు. మా చేతులతో ఎవరికీ ఎర వేయకుండా మమ్మల్ని కాపాడు. మేమిచ్చే ముద్దలో ముల్లు లేకుండా చెయ్యి. నీ ఒడ్డుకు మమ్మల్నందరినీ చేర్చు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.