నర్సింగ్ లైసెన్స్ పరీక్ష: పాసయ్యే అవకాశాన్ని ఎలా లెక్కకడతారు?

హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వైపు బీఎస్సీ నర్సింగ్ చేసిన అమ్మాయి అమెరికాలో నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ పాస్ కావాలి. హైదరాబాద్‌లోనే రాయొచ్చు. పరీక్ష ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే ఇంకో 150. అందుకే ఇంట్లోవాళ్లు ముందే అడుగుతారు: మా పిల్ల పాసవుతుందా?

దీన్ని అంచనా వేయడానికి పరిశోధకులు వాడే పద్ధతుల్లో బేయిస్ లెక్క ఒకటి. థామస్ బేయిస్ అనే ఇంగ్లండ్ పాస్టర్ రాసిన ఈ సూత్రం ఆయన చనిపోయాక 1763లో అచ్చయింది. ఇంటర్ ఎంపీసీలో ఉంటుంది గానీ, నర్సింగ్‌కి వెళ్లే బైపీసీ పిల్లలకి కనబడదు. ముందు ఒక అంచనా పెట్టుకుని, కొత్త ఆధారం దొరికినప్పుడల్లా దాన్ని సవరించుకోవడమే ఇందులో కిటుకు.

ఉదాహరణకి, 100 మంది రాస్తే 60 మంది పాసయ్యారనుకుందాం. మాక్ టెస్టులో మంచి మార్కులు పాసైనవాళ్లలో 45 మందికి, ఫెయిలైనవాళ్లలో 10 మందికి వచ్చాయి. అంటే మాక్‌లో బాగా రాసిన 55 మందిలో 45 మంది పాస్. 60 శాతం అంచనా 82కి పెరిగింది. మాక్ సరిగా రాయనివాళ్లు 45 మంది, వాళ్లలోనూ 15 మంది గట్టెక్కారు. కాబట్టి ఒక్క మాక్ పోయిందని అమ్మాయిని ఆపేయడం తొందరపాటే.

కాలేజీ మార్కులు, చదువు అయ్యాక వచ్చిన గ్యాప్ కూడా ఇలాగే ఒక్కొక్కటిగా కలుపుతారు. "మా దగ్గర పదికి తొమ్మిది మంది పాస్" అనే కోచింగ్ ప్రకటనని మాత్రం ఈ లెక్క పూర్తిగా నమ్మదు. పది మంది చాలా తక్కువ, అందుకే 90 శాతాన్ని మామూలు సగటు వైపు కిందికి లాగుతుంది.