బంతిని ఆపే విద్య: దొరల మైదానం నుంచి గాట్ల గొడవ దాకా



ఈసారి గోల్ఫ్ గురించి రాస్తున్నాం. "మనకూ ఆ ఆటకూ ఏం సంబంధం?" అని పెద్దవాళ్లు కొందరు అడుగుతారని తెలుసు. సంబంధం ఉంది. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన కుటుంబాలు మనలో ఉన్నాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ అక్కడ గని పని మొదలుపెట్టింది. తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ కూలికి వెళ్లారు. మనవాళ్లు భూమి లోపలికి దిగితే, పైన దొరలు క్లబ్బు, టెన్నిస్ కోర్టు, గోల్ఫ్ మైదానం కట్టుకున్నారు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. ఆ మైదానం మాట మాత్రం ఇప్పటికీ మన ఇళ్లలో వినపడుతూనే ఉంది.

ఇప్పుడు మన పిల్లలు కొందరు బెంగళూరులో ఈ ఆట నేర్చుకుంటున్నారు. తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న ఒకటే: "గ్రీన్ దగ్గర బంతి ఆగడం లేదు. ఖరీదైన కర్ర కొనాలంటున్నారు, కొనాలా?" ఈ ప్రశ్నకు నూరేళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే జవాబు మనకే దొరుకుతుంది.

ముందు అసలు సంగతి చూద్దాం. గుంట ఇంకా ముప్పై నలభై గజాల దూరంలో ఉందనుకోండి. అక్కడ బలంతో పని లేదు. బంతి అనుకున్న చోట పడాలి, పడ్డాక ఆగాలి. బంతి ఆగడానికి దారులు రెండు. పైకి లేచి నిట్టనిలువుగా దిగడం ఒకటి. వెనక్కి తిరుగుతూ వచ్చి గడ్డిని పట్టుకోవడం రెండోది. ఈ వెనక తిరుగుడునే బ్యాక్‌స్పిన్ అంటారు. కర్ర ముఖానికీ బంతికీ మధ్య పుట్టే రాపిడి వల్లే అది వస్తుంది. మధ్యలో గడ్డి, తడి, మట్టి దూరితే రాపిడి పోతుంది, బంతి జారిపోతుంది. ముఖం మీద గాట్లు చెక్కేది ఆ తడికీ గడ్డికీ దారి ఇవ్వడానికే. బండి టైరుకు గాట్లు ఉండేదీ ఇందుకే కదా.

ఆ గాట్ల మీద గొడవ చాలా పాతది. 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్‌ను జాక్ హచిసన్ గెలిచాడు. ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే, స్థిరపడింది అమెరికాలో. ఆయన కర్రల ముఖాల మీద లోతైన చాళ్లు ఉండేవి. బంతి పడ్డచోటే ఆగుతుంటే జనం నోరెళ్లబెట్టారు. కొద్దికాలానికే అలాంటి కర్రలను నిషేధించారు.

తర్వాతి మలుపు జీన్ సారజెన్. ఇటలీ నుంచి అమెరికా వచ్చిన వడ్రంగి కొడుకు. చిన్నప్పుడే ఇతరుల గోల్ఫ్ సంచులు మోస్తూ, అంటే క్యాడీగా, ఆట నేర్చాడు. ఇసుక గుంటలో పడిన బంతిని తియ్యాలంటే ఆయనకు తలనొప్పిగా ఉండేది. అప్పటి కర్రల అంచు సన్నంగా ఉండి ఇసుకలోకి దిగబడిపోయేది. విమానం తోక భాగం పనిచేసే తీరు చూసి తనకు ఆలోచన తట్టిందని ఆయన చెప్పుకున్నాడు. కర్ర అడుగుభాగానికి సీసం అతికించి, అరగదీసి, మళ్లీ అతికించి చూశాడు. అడుగు వెడల్పయ్యేసరికి కర్ర ఇసుకలో కూరుకుపోకుండా జారుతూ పైకి వచ్చింది. 1932లో ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ మైదానానికి ఆ కర్ర తీసుకెళ్లాడు. ఎవరైనా చూసి అభ్యంతరం చెబుతారని సంచిలో తలకిందులుగా పెట్టుకున్నాడట. బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. అదే ఏడు యూఎస్ ఓపెన్ కూడా గెలిచాడు. ఈ రోజు ప్రతి సంచిలో ఉండే శాండ్ వెడ్జ్‌కు మూలం అదే.

దీనికి పూర్తిగా ఎదురు కథ స్పెయిన్‌ది. పెద్రేన్యా అనే పల్లెలో సెవే బయెస్తెరోస్ దగ్గర చిన్నతనంలో ఉన్నది ఒకే ఒక్క కర్ర, మూడో నంబరు ఐరన్. గ్రీన్ దగ్గర ఆడడానికి పనికొచ్చే కర్ర కానే కాదు. దానితోనే సముద్రపు ఇసుకలో బంతిని పైకి లేపడం, కింద నుంచి దొర్లించడం, ఆపడం సాధన చేశాడు. 1976లో రాయల్ బర్క్‌డేల్‌లో బ్రిటిష్ ఓపెన్ చివరి గుంట దగ్గర, పంతొమ్మిదేళ్ల ఆ కుర్రాడు రెండు బంకర్ల మధ్య సందులోంచి బంతిని దొర్లించి గుంట పక్కకు చేర్చాడు. జాక్ నిక్లాస్‌తో సమానంగా రెండో స్థానంలో నిలిచాడు. మూడేళ్లకు అదే టోర్నమెంటు గెలిచాడు.

1980ల్లో గొడవ మళ్లీ లేచింది. పింగ్ కంపెనీ స్థాపించిన ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ తన కర్రలకు చదరపు గాట్లు పెట్టాడు. వాటితో పొడవైన గడ్డిలోంచి కొట్టినా బంతి ఆగేది. అలాగైతే బంతిని నేరుగా కొట్టినవాడికి దక్కే లాభమేంటని వాదన వచ్చింది. వ్యవహారం కోర్టు దాకా వెళ్లి, 1990లో ఒకటి, 1993లో ఇంకొకటి, రాజీలతో ముగిసింది. చివరికి 2010 జనవరి 1 నుంచి పెద్ద టోర్నమెంట్లలో గాట్ల పరిమాణానికీ అంచుల పదునుకూ హద్దు పెట్టారు. ఈలోగా బంతి కూడా మారింది. 2000లో వచ్చిన ప్రో వీ1 లాంటి బంతులు దూరం వెళ్తూనే, యురెథేన్ తొడుగు మెత్తదనం వల్ల గ్రీన్ దగ్గర తిరుగుడు ఇచ్చాయి. గాట్లకు హద్దు పడ్డాక కూడా మంచి ఆటగాళ్లు బంతిని ఆపుతూనే ఉన్నారు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. సరైన పనిముట్టు సాయం చేస్తుంది, సారజెన్ కథే సాక్ష్యం. కానీ తిరుగుడు పుట్టేది శుభ్రమైన దెబ్బలో. కొట్టే ముందు కర్ర ముఖం తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. గడ్డి మీది బంతికైతే కర్ర ముందు బంతిని తాకాలి, తర్వాతే నేలను. దెబ్బ మధ్యలో భయపడి చెయ్యి నెమ్మదిస్తే తిరుగుడు చచ్చిపోతుంది. బంతి ఎక్కడ పడాలో ముందే ఒక చోటు చూసి పెట్టుకోవాలి. మన వైపు ఎండాకాలంలో నేల గట్టిపడుతుంది. అక్కడ అడుగు వెడల్పున్న వెడ్జ్ నేలకు తగిలి ఎగిరి, బంతి నడుముకు కొడుతుంది. అలాంటి చోట ఎత్తు తక్కువగా దొర్లించడమే తెలివి. రాళ్లూ మన్నూ నిండిన గని ఊళ్లలో ఆడినవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. గడ్డి పెరగని మైదానాల్లో గ్రీన్ బదులు నూనె కలిపిన ఇసుకతో చదును చేసిన "బ్రౌన్"ల మీదే ఆడేవారు.

ఇంకో మాట. దొరలు కొట్టిన ప్రతి దెబ్బనూ దగ్గర నుంచి చూసింది సంచి మోసిన కుర్రాళ్లు. నేల ఎటు వాలిందో, ఎక్కడ మెత్తగా ఉందో వాళ్లకే బాగా తెలుసు. స్కోరు కార్డులో మాత్రం వాళ్ల పేరు ఎక్కలేదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా పెరిగినవాడే. 2009లో అదే టోర్నమెంటు గెలిచిన మన బెంగళూరు సి. మునియప్ప కూడా క్యాడీగా మొదలైనవాడే. సారజెన్‌దీ అదే దారి. చూసి నేర్చిన విద్యకు అంత విలువ ఉంది.

కాబట్టి తల్లిదండ్రులకు మేం చెప్పేది ఇదే. ఉన్న వెడ్జ్‌తో, ఒక బుట్టెడు బంతులతో ముందు ఆరు నెలలు సాధన చేయించండి, తర్వాతే కొత్తది ఆలోచించండి. మైదానంలో పెద్దవయసు క్యాడీ ఉంటే పిల్లల చేత "అన్నా", "తాతా" అని పిలిపించి, ఆయన పక్కన నిలబడి చూడమనండి.

సభ్యుల ఇళ్లలో సంచి మోసిన పెద్దలుంటే వాళ్లు చెప్పే మాటలు రాసి సంఘానికి పంపండి. గని లోపలి కష్టాన్ని ఎంతోమంది రాశారు. పైన మైదానంలో మనవాళ్లు ఏం చూశారో, ఏం నేర్చారో మనమే రాసిపెట్టుకోవాలి.