గచ్చు, చెమ్మ, సిమెంటు: ఇటుక గోడ మరమ్మతుల చరిత్ర - ఒక పరిశీలన

కీలక పదాలు: ఇటుక గోడ, చెమ్మ, డంగు సున్నం, గచ్చు, సుర్కీ, వజ్రలేపం, సిమెంటు పూత.

1. ప్రవేశిక

ఇటుక స్వభావరీత్యా నీటిని పీల్చుకుంటుంది. కనుక ఇటుక గోడ ఉన్న ప్రతిచోటా చెమ్మ సమస్య ఉంటుంది. ఆ సమస్యలోని భేదాలను తెలుగు వాడుక చాలా స్పష్టంగా గుర్తించింది. పైకప్పు 'కురుస్తుంది', గోడ 'చెమ్మగిల్లుతుంది', పునాది వైపు నుంచి నీరు 'ఊరుతుంది', పగులులోంచి 'కారుతుంది'. తడి ఆరాక తెల్లని పొర తేలితే గోడ 'ఉప్పు పట్టింది' అంటారు. ఈ క్రియాపదాలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. నీరు ఎటునుంచి వస్తున్నదో, ఏ రూపంలో వస్తున్నదో ఇవి చెబుతాయి. మరమ్మతు తప్పుదారి పట్టడం చాలా సందర్భాల్లో ఈ తేడాను గమనించకపోవడంతోనే మొదలవుతుంది.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక పాత మోటారు షెడ్డు గోడ. పాత బంగళాల ఆవరణల్లో ఇలాంటి షెడ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్ని ఒకప్పటి గుర్రపు సాలలే. మనుషులు కాపురముండే గదులకు చూపిన శ్రద్ధ వీటి గోడలపై చూపలేదు. ఏళ్ల తరబడి వెలుపల మన్ను పేరుకుని, లోపలి నేల కంటే బయటి నేల ఎత్తయిపోతుంది. నేను చూసిన షెడ్డు వెనుక గోడకు నీరు ఊరుతున్నదని లోపలివైపు సిమెంటు పూత వేయించారు. రెండో వానాకాలానికి ఆ పూత పెచ్చులుగా ఊడింది. పూతతోపాటు ఇటుకల ముఖం కూడా రాలిపోయింది. ముందున్న గోడ తడిసేదే కాని శిథిలం కాలేదు. గోడ చెడింది మరమ్మతు తర్వాతనే. ఇలా ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు సమాధానం నిర్మాణ సామగ్రి చరిత్రలో దొరుకుతుంది.

2. ప్రాచీన గ్రంథాల్లో చెమ్మ గోడ

క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దానికి చెందిన రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ తన గ్రంథం ఏడో భాగంలో తడి ప్రదేశాల్లోని గోడల పూత గురించి ప్రత్యేకంగా రాశాడు. నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తు వరకు ఇసుకకు బదులు కాల్చిన మట్టిపెంకుల పొడి కలిపిన సున్నం వాడాలన్నది అతని సూచన. మన తాపీ పనివారు సుర్కీ అని పిలిచే ఇటుక పొడిది కూడా ఇదే ధర్మం. కాలిన బంకమట్టి పొడి సున్నంతో చర్య జరపడం వల్ల ఆ మిశ్రమం తడిలో కూడా గట్టిపడుతుంది.

అయితే అతడు అక్కడితో ఆగలేదు. చెమ్మ ఎడతెగకుండా వస్తుంటే అసలు గోడకు కొంత ఎడంగా మరో సన్నని గోడ లేపాలనీ, రెండింటి నడుమ గది నేల కంటే దిగువన ఒక కాలువ ఉంచాలనీ, ఆ నీరు, గాలి బయటికి పోయేందుకు కిందా పైనా రంధ్రాలు వదలాలనీ చెప్పాడు. నీటిని అడ్డుకోవడం, వచ్చిన నీటికి దారి చూపడం అనే రెండు పనులు వేరువేరన్న గుర్తింపు ఇందులో ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో వాడుకలోకి వచ్చిన జంట గోడల నిర్మాణానికి ఈ ఆలోచనతో దగ్గరి పోలిక ఉంది. అది విట్రూవియస్ నుంచే వచ్చిందని అనడం మాత్రం తొందరపాటు.

భారతీయ సంప్రదాయంలో వరాహమిహిరుని బృహత్సంహిత (క్రీ.శ. 6వ శతాబ్దం) వజ్రలేపానికి ఒక అధ్యాయం కేటాయించింది. పచ్చి తుమికి కాయలు, వెలగ కాయలు, బూరుగు పూలు, వస మొదలైనవాటిని నీటిలో మరిగించి ఎనిమిదో వంతుకు దించి, అందులో గుగ్గులు, సర్జరసం వంటి జిగురు ద్రవ్యాలను, అవిసెను, మారేడును కలపాలి. దీనిని వేడిగా పూయాలి. ప్రాసాదాలు, లింగాలు, ప్రతిమలతోపాటు గోడలు, బావులు కూడా దీని ప్రయోగస్థానాల్లో ఉన్నాయి. అది వేల ఏళ్లు నిలుస్తుందన్న ఫలశ్రుతిని అక్షరాలా తీసుకోనక్కరలేదు. గోడకూ బావికీ ఒకే లేపం చెప్పడమే మనకు ముఖ్యం. నీటి ఒత్తిడి ఉన్నచోటు గ్రంథకర్త మనసులో ఉందనడానికి ఇది ఆధారం.

3. డంగు సున్నం - మద్రాసు సాక్ష్యం

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. నీటితో చల్లార్చిన సున్నం గోడకెక్కిన తర్వాత గాలిలోని అదే వాయువును తిరిగి పీల్చుకుని నెమ్మదిగా రాయిగా మారుతుంది. చల్లార్చిన సున్నాన్ని ఇసుకతోను, ఇటుక పొడితోను కలిపి గానుగలో నూరితే డంగు సున్నం అవుతుంది. బెల్లపు నీళ్లు, కరక్కాయ కషాయం కలపడం మన ప్రాంతంలో ఇప్పటికీ వృద్ధ మేస్త్రీలకు తెలిసిన పద్ధతి.

దీనికి తొలినాటి లిఖిత సాక్ష్యాల్లో ఒకటి దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలెనా ద్వీపపు గవర్నరు ఐజాక్ పైక్ రాసినది. మద్రాసులో మేలైన సున్నం తయారుచేసే విధానాన్ని వివరిస్తూ ఆయన రాసిన చిన్న పత్రం 1732 ప్రాంతంలో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఇసుక 15 బుషెళ్లు, రాతి సున్నం 15 బుషెళ్లు తీసుకుని, చల్లార్చి, రెండు మూడు రోజులు ఉంచి, 20 పౌన్ల బెల్లం కరిగించిన నీటిని చల్లుతూ దంచాలని అందులో ఉంది. ఆ తర్వాత ఉడికించి వడకట్టిన 'గ్రామ్' గింజల రసం, కరక్కాయల కషాయం కలపాలి. పైపూతకు గుడ్డు తెల్లసొన, నెయ్యి చెప్పబడ్డాయి. 'గ్రామ్' అనే మాట ఆనాటి మద్రాసు ఇంగ్లీషులో ప్రధానంగా ఉలవలకే చెల్లేది కనుక, ఇక్కడ శనగ అని అనువదించడం సరికాదని నా అభిప్రాయం.

పైక్ ఈ సమాచారాన్ని వంటకంలా కొలతలతో ఇచ్చాడు. కొలతలు తెలిసిన మేస్త్రీ పేరు మాత్రం అందులో లేదు. బెల్లంలోని చక్కెర సున్నం నీటిలో మరింతగా కరిగేందుకు తోడ్పడుతుందన్న రసాయనిక వివరణ తర్వాతి కాలానిది. దంచడంలో చేయి ఎప్పుడు ఆపాలో తెలిసినవారి జ్ఞానం అంతకు ముందే ఉంది.

'గచ్చు' అనే పదం కూడా ఇక్కడ ప్రస్తావనార్హం. పారశీక 'గచ్' నుంచి వచ్చిన ఈ మాట తెలుగులో మొదట సున్నపు పూతకు, క్రమంగా ఆ పూత వేసిన నేలకు, ఇప్పుడు సిమెంటు నేలకు కూడా వర్తిస్తున్నది. గచ్చిబౌలి అన్న ఊరి పేరు గచ్చుతో కట్టిన బావిని సూచిస్తుందని చెబుతారు. పదార్థం మారినా పదం మారలేదు. పాత గచ్చుకు కొత్త గచ్చు చాలునన్న భ్రమకు ఈ పదసామ్యం కొంత తోడ్పడి ఉండవచ్చు.

4. సిమెంటు రాక

లీడ్స్ నగరానికి చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. మనదేశంలో 1904లో మద్రాసులో జరిగిన తొలి ప్రయత్నం నిలవలేదు. 1914లో పోర్‌బందర్‌లో మొదలైన ఉత్పత్తి స్థిరపడింది. త్వరగా గట్టిపడే, గానుగ అక్కరలేని, సంచిలో దొరికే సిమెంటు ముందు డంగు సున్నం నిలవలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

చిక్కు కొత్త కట్టడాల్లో కాదు, పాత గోడల మరమ్మతుల్లో వచ్చింది. సున్నపు పూత ఆవిరిని బయటికి వదులుతుంది. గోడ కొద్దిగా కదిలినా తట్టుకుంటుంది. సిమెంటు పూత దట్టమైనది, బిరుసైనది. దానికి వచ్చే సన్నని పగుళ్లలోంచి నీరు లోపలికి పోతుంది కాని, తిరిగి ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది. ఆ నీటిలో కరిగిన లవణాలు పూత వెనుక, ఇటుక రంధ్రాల్లోనే స్ఫటికాలుగా పెరిగి ఇటుకను లోపలినుంచి చీలుస్తాయి. మోటారు షెడ్డు గోడకు జరిగింది ఇదే.

హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి చేపట్టిన పనుల్లో, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో వేసిన సిమెంటు పొరలను తొలగించి తిరిగి సున్నపు పూత వేశారు. అవి ప్రధానంగా రాతి కట్టడాలే అయినా సూత్రం ఒకటే. 1591 నాటి చార్మినార్ మినారు నుంచి 2019 మే నెలలో పూతపని పెచ్చు ఊడిపడినప్పుడు పత్రికల్లో కొద్ది రోజులు చర్చ జరిగింది. అలాంటి కట్టడాలను పట్టించుకునే సంస్థలున్నాయి. ఊళ్లలోని పాత బడులు, సత్రాలు, షెడ్ల విషయంలో నిర్ణయం స్థానిక గుత్తేదారుదే. అక్కడ పట్టికలో సున్నం అన్న పద్దే ఉండదు.

5. మరమ్మతు క్రమం

పై చరిత్రను బట్టి చూస్తే గోడకు పూత వేయడం చివరి పని. ముందు నీటి మూలం వెతకాలి. చూరు నీరు ఎక్కడ పడుతున్నదో, బయటి మన్ను ఎంత ఎత్తున ఉన్నదో చూడాలి. షెడ్డు గోడ విషయంలో వెలుపలి మన్నును లోపలి నేల మట్టం కంటే కిందికి తవ్వించి, నీరు గోడకు దూరంగా పోయేలా వాలు తీశాం. సిమెంటు పూతను ఉలితో నెమ్మదిగా తొలగించాం. ఇటుకల మధ్య చెడిన సున్నాన్ని, సందు వెడల్పుకు రెట్టింపు లోతు వరకు గీకి, సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపిన మిశ్రమంతో పూడ్పించాం. ముఖం పూర్తిగా రాలిన ఇటుకలను మాత్రమే మార్చాం. లోపలివైపు మళ్లీ పూత వేయలేదు. తడిసిన గోడ ఆరడానికి అంగుళానికి ఒక నెల అన్నది మరమ్మతు పనివారి మోటు లెక్క. తొమ్మిది అంగుళాల గోడకు అది దాదాపు తొమ్మిది నెలలు. బిల్లు ఆమోదించవలసినవారికి ఈ జాప్యాన్ని వివరించడం తవ్వకం కంటే కష్టమైంది.

మరుసటి వానాకాలం తర్వాత కూడా గోడపై తెల్లని ఉప్పు గీత తేలింది. అయితే అంతకుముందు నడుమెత్తున కనిపించే గీత ఈసారి మోకాలి ఎత్తు దాటలేదు. దానిని నీటితో కడగకుండా పొడి కుంచెతో దులిపి, ఎత్తును బొగ్గుతో గుర్తుపెట్టి ఉంచాం.