పేకాట గదులూ, శాసనసభలూ: 'నైపుణ్యం' అనే మాట చరిత్ర



పుదుచ్చేరి పట్టణంలో ఒర్లియంపేట అనే ప్రాంతం ఉంది. పుదుచ్చేరి శాసనసభకు సభ్యులను ఎన్నుకునే 30 నియోజకవర్గాల్లో అది ఒకటి. అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున, తెలుగువారు నివసించే యానాం కూడా అదే శాసనసభకు ఒక సభ్యుణ్ణి పంపుతుంది. యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. యానాం పొలిమేర దాటి ఒక్క అడుగు వేస్తే జూదానికి సంబంధించిన చట్టం మారిపోతుంది. ఇటు 1965 నాటి పాండిచ్చేరి గేమింగ్ చట్టం, అటు 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం. ఒకే భాష, ఒకే పేక, కానీ చట్టాలు రెండు.

ఇలా ఎందుకు జరిగింది? డబ్బు పెట్టి పేకాడుకునే గదులకు, ముఖ్యంగా పోకర్ గదులకు, చట్టబద్ధత తేవాలని మన దేశంలో ఎలాంటి ప్రయత్నాలు జరిగాయి? వాటిలో కొన్ని ఎందుకు ఫలించాయి, కొన్ని ఎందుకు ఆగిపోయాయి? ఈ పాఠంలో ఈ విషయాలను తెలుసుకుందాం.

ముందుగా రాజ్యాంగం ఏం చెబుతుందో చూద్దాం. ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 34వ అంశం 'పందేలు, జూదం'. అంటే వీటిపై శాసనాలు చేసే అధికారం రాష్ట్ర శాసనసభలది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమే అయినా, 1963లో పార్లమెంటు చేసిన చట్టం దానికి శాసనసభను ఇచ్చింది. రాష్ట్ర జాబితాలోని అంశాలపై ఆ సభ చట్టాలు చేయవచ్చు. అయితే సభ ఆమోదించిన బిల్లును లెఫ్టినెంట్ గవర్నర్ రాష్ట్రపతి పరిశీలనకు పంపే వీలుంది. కాబట్టి జూదం గురించి గోవా ఒక నిర్ణయం తీసుకుంటే, తెలంగాణ మరొకటి తీసుకోవచ్చు, పుదుచ్చేరి మూడోది తీసుకోవచ్చు.

ఇక చరిత్రలోకి వెళదాం. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం చేసింది. జూదపు ఇల్లు నడపడం, అందులో ఆడుతూ పట్టుబడడం నేరాలని చెప్పిన ఆ చట్టమే ఒక మినహాయింపు కూడా ఇచ్చింది. కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు ఇది వర్తించదన్నది. ఈ చిన్న వాక్యం తర్వాతి తరాల చట్టాల్లోకి చేరింది. నిజాం రాజ్యంలో 1305 ఫసలీలో, అంటే 1890లలో, వచ్చిన హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టంలోనూ, 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టంలోనూ ఇలాంటి మినహాయింపే ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలంగాణ ప్రాంతంలో ఒక చట్టం, కోస్తాలో మరో చట్టం నడిచాయి. 1974లో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం వచ్చింది. అందులోనూ ఆ మినహాయింపు నిలిచింది.

మరి ఏ ఆట నైపుణ్యం, ఏ ఆట అదృష్టం? ఈ ప్రశ్నకు దేశమంతా చెప్పుకునే జవాబు మన తెలుగు నేల మీది ఒక దాడి నుంచి పుట్టింది.

1963 మే నెలలో సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేశారు. అక్కడ సభ్యులు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేటు వారికి శిక్ష విధించారు. హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ' అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో 1967 నవంబరు 22న తీర్పు వెలువడింది. దానిని రాసినవారు జస్టిస్ హిదయతుల్లా.

ఆ తీర్పులో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం అందరికీ తెలిసిందే. మూడుముక్కలాట పూర్తిగా అదృష్టం మీద ఆధారపడినది. రమ్మీ అలాంటిది కాదు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో లెక్క వేసుకోవాలి. కాబట్టి అందులో నైపుణ్యానిదే పైచేయి అని న్యాయస్థానం భావించింది. 'కేవలం నైపుణ్యం' అన్న మాటకు 'ప్రధానంగా నైపుణ్యం' అనే అర్థం దీనితో స్థిరపడింది.

రెండవ భాగాన్ని చాలామంది చెప్పరు. ఆట రమ్మీయే అయినా, ఆ ఆట నుంచి ఇంటి యజమాని గానీ క్లబ్బు గానీ లాభం తీసుకుంటున్నట్లు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చునని అదే తీర్పు చెప్పింది. సభ్యులకు కల్పించే వసతుల కోసం క్లబ్బు తీసుకునే చిన్న రుసుము వేరు, ఆటనే వ్యాపారంగా మార్చుకోవడం వేరు. ఈ తేడాను మీరు గుర్తుంచుకోండి. ఈ పాఠానికంతటికీ ఇదే కీలకం.

రమ్మీ సంగతి తేలింది. మరి పోకర్? నేడు ఎక్కువగా ఆడే టెక్సాస్ హోల్డెమ్ అనే రకంలో ఒక్కొక్కరికి 2 ముక్కలు పంచుతారు. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద 5 ముక్కలు తెరుస్తారు. ఆ ఏడింటిలోంచి అయిదు ముక్కల మంచి కూర్పు ఎవరిదో వారు గెలుస్తారు. మధ్యమధ్యలో పందెం పెంచవచ్చు, లేదా ముక్కలు దించి తప్పుకోవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా ధైర్యంగా పందెం పెంచి ఎదుటివాళ్లను తప్పుకునేలా చేసేవాళ్లూ ఉంటారు. ఇక్కడే చిక్కు వచ్చింది. రమ్మీని పందెం లేకుండా కూడా రసవత్తరంగా ఆడుకోవచ్చు. పోకర్‌లో మాత్రం పందెం పెంచడమే ఆటలో ఒక ఎత్తు. సంభావ్యతను లెక్క కట్టడం, ఎదుటివాళ్ల మనసు చదవడం నైపుణ్యమేనని ఒక వాదం. ముక్కలు ఎలా పడతాయన్నది ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి అది జూదమేనని మరో వాదం. 2017లో గుజరాత్ హైకోర్టు రెండవ వాదాన్ని అంగీకరించింది. 2024లో అలహాబాద్ హైకోర్టు పోకర్‌ను నైపుణ్యపు ఆటగా పరిగణించింది.

న్యాయస్థానాల్లో ఇలా రెండు రకాల జవాబులు వచ్చినప్పుడు, శాసనసభ స్వయంగా మాట్లాడితే సందేహం తీరుతుంది. కొన్ని రాష్ట్రాలు ఆ పని చేశాయి. పశ్చిమ బెంగాల్ 1957లో చేసిన చట్టం జూదం అనే మాటను నిర్వచిస్తూ బ్రిడ్జి, పోకర్, రమ్మీ వంటి పేకాటలు అందులోకి రావని స్పష్టంగా రాసింది. గోవా 1992లో తన చట్టాన్ని సవరించి అయిదు నక్షత్రాల హోటళ్లలో జూదపు యంత్రాలకు అనుమతినిచ్చింది. 1996లో సముద్రంలో నిలిపిన నౌకల మీద ఆటలకూ దారి తెరిచింది. నాగాలాండ్ 2016లో తెచ్చిన చట్టం పోకర్‌ను, రమ్మీని నైపుణ్యపు ఆటల జాబితాలో చేర్చి, వాటిని ఆన్‌లైన్‌లో నడపడానికి లైసెన్సులు ఏర్పాటు చేసింది.

ఇతర దేశాల్లోనూ కథ ఇలాగే నడిచింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం 'స్టడ్-హార్స్ పోకర్' అనే ఒక రకాన్ని పేరు పెట్టి నిషేధించింది. డ్రా పోకర్ అనే మరో రకాన్ని అందులో చేర్చలేదు. ఆ ఖాళీలోంచి 1936 నుంచి లాస్ ఏంజెలెస్ దగ్గరి గార్డెనా పట్టణంలో పోకర్ గదులు వెలిశాయి. అక్కడి గదులు ఆటగాళ్లు కూర్చున్న సమయాన్ని బట్టి రుసుము తీసుకునేవి. 1997లో ఆ రాష్ట్ర శాసనసభ ఈ గదుల పర్యవేక్షణ కోసం ప్రత్యేక చట్టం చేసింది. చూశారా? అక్కడా ప్రశ్న రెండు భాగాలుగానే వచ్చింది. ఏ ఆట ఆడుతున్నారు? గది యజమానికి డబ్బు ఎలా వస్తోంది?

తిరిగి మన తీరానికి వద్దాం. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి ఒక విహార నౌక పుదుచ్చేరికి బయలుదేరింది. నౌకలో కాసినో ఉందని పుదుచ్చేరిలో అభ్యంతరాలు లేచాయి. అది ఒడ్డుకు ప్రయాణికులను దించడానికి అప్పుడు అనుమతి లభించలేదు. పర్యాటకుల రాక వల్ల పట్టణానికి ఆదాయం వస్తుందని కొందరు, జూదం మన యువతకు చేటని మరికొందరు వాదించారు. ఒర్లియంపేటలో చిన్న దుకాణం నడుపుకునే కుటుంబానికి ఈ రెండు వాదాలూ తగులుతాయి. పర్యాటకుడు వస్తే బేరం పెరుగుతుంది. ఇంట్లోని కుర్రవాడు ఆటకు అలవాటు పడితే దుకాణమే పోతుంది.

ఈ భయమే తెలుగు రాష్ట్రాలను మరో దారి పట్టించింది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తరువాత అది చట్టమయింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీకి నైపుణ్యం పేరుతో దొరికే రక్షణను అది తొలగించింది, ఆన్‌లైన్ ఆటలను కూడా చట్టం పరిధిలోకి తెచ్చింది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. సికింద్రాబాదు క్లబ్బు కేసుతో దేశానికి రమ్మీ హక్కును అందించిన నేలే ఆ హక్కును మొదట వెనక్కి తీసుకున్నదన్నమాట.

తమిళనాడు కూడా 2021లో నిషేధ చట్టం చేసింది. పుదుచ్చేరికి కూడా హైకోర్టు అయిన మద్రాసు హైకోర్టు అదే ఏడాది ఆగస్టు 3న దాన్ని కొట్టివేసింది. నైపుణ్యపు ఆటలను మొత్తంగా నిషేధించడం హద్దు మీరడమేనన్నది. తమిళనాడు 2022లో మరో చట్టం చేసింది. 2023 నవంబరులో హైకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది కానీ, నైపుణ్యపు ఆటలుగా ఆడే రమ్మీ, పోకర్‌లను నిషేధంలోంచి తప్పించింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు రంగంలోకి దిగింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించే చట్టానికి ఆ నెల 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దీన్ని సవాలు చేస్తూ వివిధ హైకోర్టుల్లో వేసిన పిటిషన్లను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన వద్దకు బదిలీ చేసుకుంది. ఈ చట్టం ఆన్‌లైన్ ఆటలకు సంబంధించినది. నలుగురూ బల్ల చుట్టూ కూర్చునే గదుల విషయం మాత్రం రాష్ట్ర శాసనసభల చేతిలోనే మిగిలింది.

ఇంతవరకూ చెప్పుకున్నదాన్ని ఒకసారి కూడగట్టుకుందాం. 150 ఏళ్లకు పైగా మన చట్టాలు ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాయి: ఈ ఆట నైపుణ్యమా, అదృష్టమా? పోకర్‌కు అనుమతి కోరేవాళ్లు నైపుణ్యమన్నారు, వద్దన్నవాళ్లు అదృష్టమన్నారు. కానీ నిజంగా నైపుణ్యం ఉన్న ఆటలో నష్టపోయేది ఎవరు? నైపుణ్యం తక్కువగా ఉన్నవాడే కదా. కొత్తగా ఆటకు వచ్చిన కుర్రవాడు ఆరితేరినవాడి ఎదురుగా కూర్చుంటే, అదృష్టపు ఆటలో కంటే త్వరగానే జేబు ఖాళీ చేసుకోవచ్చు. నైపుణ్యం అనే మాట ఆటగాడి తెలివికి గౌరవం ఇస్తుంది. అతని కుటుంబానికి మాత్రం అది రక్షణ ఇవ్వదు.

ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, ప్రతి ఆటలోనూ వాటా తీసుకునే గది యజమానికి మాత్రం నష్టం లేదు. 1967 తీర్పులోని రెండవ భాగం వేలు చూపించింది అక్కడికే. రేపు ఏ శాసనసభలోనైనా పోకర్ గదుల బిల్లు వస్తే, మీరు ఓటర్లుగా అడగవలసిన ప్రశ్నలు ఇవి. గది ఎవరిది? వాటా ఎంత? ఒక మనిషి ఒక రోజులో పోగొట్టుకోగల మొత్తానికి హద్దు ఉందా? అప్పు పెట్టి ఆడించడాన్ని చట్టం ఆపుతుందా? వచ్చిన పన్ను ఎక్కడికి పోతుంది? వీటికి జవాబులు లేని అనుమతి చట్టం ఎంత లోపభూయిష్టమో, ఆటను చీకటి గదుల్లోకి తరిమి తలుపు వేసే నిషేధ చట్టం కూడా అంతే లోపభూయిష్టం.

ధర్మరాజు జూదంలో ఓడిన కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పాచికలు వేసింది శకుని. ఆ ఆట కోసం సభ కట్టించి, కబురు పంపి పిలిపించింది మరొకరు. చరిత్ర విద్యార్థులుగా మీరు పాచికలనే కాదు, సభ కట్టించినవారిని కూడా గమనించండి. మీ ప్రాంతంలో అమలులో ఉన్న గేమింగ్ చట్టాన్ని తీసుకుని చదివి, అందులో ఈ ప్రశ్నలకు ఎన్నిటికి జవాబు దొరుకుతుందో చూడండి.